డిస్కో తాళము - తెలుగు పలుకు
(భిలాయి, నెహ్రూనగరు తెలుగు సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగము)



ఉగాది కార్యక్రమమును నిర్ణయించునపుడెల్ల మన సంఘమున నొక వివాదము తలయెత్తుచున్నది. యువకులు డిస్కో బాణీ పాటలను కోరుదురు. పెద్దలు "అది మన సంగీతము కాదు" అందురు. ఈ తగవు మన యింట మాత్రమే పుట్టినది కాదు.

డిస్కో 1970 దశకమున న్యూయార్కు నృత్యశాలలలో నల్లజాతివారి నడుమను, లాటిను ప్రజల నడుమను పెరిగిన సంగీతము. నాలుగు మాత్రల యావృత్తమున ప్రతిమాత్రకును పెద్ద డ్రమ్ము సమముగ మ్రోగుట దాని ముఖ్యలక్షణము. రాక్ సంగీతాభిమానులు పెక్కురు దీనిని అంగడి సరకని యీసడించిరి. 1979 జూలై 12న షికాగోలోని యొక బేస్‌బాల్ మైదానమున డిస్కో రికార్డులను ప్రేలుడుమందు పెట్టి పేల్చివేసిరి.

ఆ యేడాది నవంబరులోనే ఇంగ్లండునందలి పింక్ ఫ్లాయిడ్ అను రాక్ బృందము "ఎనదర్ బ్రిక్ ఇన్ ది వాల్" రెండవ భాగమును వెలువరించెను. దానికి డిస్కో తాళమును సూచించినవాడు నిర్మాణమున పాలుగొన్న బాబ్ ఎజ్రిన్. గిటారు వాయించు డేవిడ్ గిల్మోరునకు మొదట నది రుచింపలేదు. రోజర్ వాటర్స్ రచించిన యా గీతము పిల్లల మనస్సుల నణచు విద్యావిధానముపై నిరసన. లండనునందలి ఇస్లింగ్టన్ గ్రీన్ పాఠశాల పిల్లలు గొంతు కలిపిరి. బ్రిటనులో నది ప్రథమస్థానము నందెను. 1980లో దక్షిణాఫ్రికాయందు నల్లజాతి విద్యార్థులు తమ బహిష్కరణోద్యమమున దానిని పాడగా, అచ్చటి ప్రభుత్వము పాటను నిషేధించెను. ఆ ప్రభుత్వము వెరచినది డ్రమ్ము మ్రోతకు గాదు, మాటకు.

ఇక మన పాట. 1986లో కృష్ణగారు స్వయముగ దర్శకత్వము వహించి "సింహాసనం" చిత్రమును 70 ఎం.ఎం.లో నిర్మించిరి. "డిస్కో డాన్సర్" వలన ప్రసిద్ధికెక్కిన బప్పీ లహరి దానికి సంగీతము కూర్చెను. జానపదకథ, రాజులు, కోటలు, కత్తులు, వాటి నడుమ విద్యుద్వాద్యముల హోరు! వినుటకు విడ్డూరమే. కాని పాడినవారిలో పి. సుశీలగారు కలరు. బాణీ యెచ్చటి దైనను ఆమె నోట ప్రతి యక్షరమును తెలుగుగానే వినవచ్చును. కనుకనే యా పాటలు మనవైనవి.

ఈ యూర నివసించు మనకు దీనిని వేరుగ బోధింపనక్కరలేదు. భిలాయి కర్మాగారమును సోవియట్ సహాయముతో నెలకొల్పిరి. 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు పనిచేయసాగెను. యంత్రవిద్య పరదేశముది, ఖనిజము మాత్రము రాజహరా కొండలది. ఆ యుక్కును పరాయిదని యెవరందురు?

మన పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషులు నేర్చుచున్నారు. తెలుగక్షరములు గుర్తింపలేనివారు మన యిండ్లలోనే కలరు. వారు తెలుగు పలుకుటకు ముచ్చటపడు సందర్భము ఏడాది కొకటి రెండు పాటలైనచో, తాళము నచ్చలేదని ఆ తలుపును గూడ మనమే మూయవచ్చునా? మనము వెరవవలసినది డ్రమ్మునకు గాదు. రికార్డు మ్రోగుచుండగా అర్థమెరుగక పెదవులు కదపి వేదిక దిగిపోవుటకు.

కావున నాదొక ప్రతిపాదన. రాబోవు ఉగాదికి పాటను యువకులే యెన్నుకొందురుగాక. అయితే పాడు ప్రతివారును దానిని తెలుగు లిపిలో స్వహస్తముతో వ్రాసి తేవలెను. పెద్దలు ప్రక్కన గూర్చుండి "ల, ళ"ల భేదమును, "శ, ష, స"ల భేదమును దిద్ది, మాటల కర్థము చెప్పవలెను. నెలరోజుల సాయంకాలములు ఇందుకు చాలును. తాళమును వారు మనకు నేర్పుదురు. పలుకును మనము వారికి నేర్పుదము.