ఇత్తడి వాద్యములు – లాకరుపూత



ఇత్తడిని అమరసింహుడు రీతి యనియు, ఆరకూటమనియు పేర్కొనెను. రాగిని తుత్తునాగముతో మేళవింపగా నిది యేర్పడును. పెండ్లి యూరేగింపులలో మ్రోగు ట్రంపెట్టునకు సాధారణముగా నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల రేకును వాడుదురు. దానిపై మెరయు పూతకు లాకరని పేరు. ఈ పదమునకు మూలము మన లాక్షాశబ్దమే. కాని నేటి పూతలో లక్క లేదు. తొలుత నైట్రోసెల్యులోజును, తరువాత యాక్రిలిక్, ఎపాక్సీ యను కృత్రిమపదార్థములను వాడసాగిరి.

ఈ పూత పొరలుగా లేచినప్పుడు బ్యాండువారు వాద్యమును మన కంచరివారియొద్దకు దెచ్చి, గీకి మెరుగుపెట్టుమందురు. అట్లు చేయవచ్చునా? మేము తప్పుచేసి నేర్చిన సమాధానమునే సభకు విన్నవించుచున్నాము.

మేము సంస్కృతము బోధించిన పాఠశాలలో బ్యాండు పర్యవేక్షణయు మాపై బడినది. ఒక పాత ట్రంపెట్టు మచ్చలువారి యుండెను. స్వాతంత్ర్యదినోత్సవమునకు బంగారమువలె మెరయవలెనని, దానిని ఉప్పుకాగితముతో రుద్దించి బఫింగు చక్రమునకు బెట్టించితిమి. పనివాడు "అయ్యా, రేకు పలుచన" అని వెనుదీసినను మేము వినలేదు. మెరుపు వచ్చినది, నోటియంచున చెక్కియుండిన దాతపేరు పోయినది. ఉత్సవదినమున ఆ దాత కుమారుడు వచ్చి, వాద్యమును చేతబట్టి, తండ్రిపేరు వెదకికొనెను. మేము తలయెత్తలేకపోతిమి. కొన్ని మాసములలోనే ఆ యంచు చేయి తగిలినంతనే సొట్టవోసాగెను.

ట్రంపెట్టు నోటిరేకు మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. చక్రము పూతను మాత్రమే తినదు, లోహమును దినును. కావున పూతను కరగించి తీయవలెను గాని గీకి తీయరాదు. మొదట వాల్వులను, జరుగు గొట్టములను, స్ప్రింగులను, ఫెల్టుబిళ్లలను విప్పి వేరుపరుపవలెను. మరుగుచోట అసిటోనులో దడిపిన దూదితో అద్ది చూడవలెను. పూత మెత్తబడెనా, అది పాతరకపు పూత. అట్టిది పెక్కుమారులు వేడినీటిలో నానినంతనే ముడుతలువడి లేచును. మిగిలినదానిని అసిటోనుతో తుడువవచ్చును. ఈ పని గాలి యాడుచోట, పొయ్యియు దీపమును లేనిచోట చేయవలెను. మంటతో కాల్చి తీయుట కూడదు. తగరము, సీసము కలిసిన మాటు సుమారు 183 డిగ్రీలకే కరుగసాగును.

కాల్చి గట్టిపరచిన ఎపాక్సీపూత అసిటోనునకు లొంగదు. దానికి వాడు మిథిలీన్ క్లోరైడు ఆవిరి మూసిన గదిలో ప్రాణములను దీయును. రంగు తీయుటకు దీనిని గృహస్థులకు విక్రయించుట అమెరికాలో 2019లో నిషేధింపబడినది. అట్టి పూతను ముట్టకుండుటయే మేలు.

పూత తీసిన ఇత్తడి చెమటకును వానగాలికిని నల్లబడి చిలుముపట్టును; వాయించినపిదప ప్రతిదినము తుడువవలెను. చింతపండుపులుసులో చిరకాలము నానవేయరాదు. పులుపు తుత్తునాగమును హరింపగా రాగిరంగు మచ్చలు మిగులును. అమ్మోనియా కలిసిన ద్రవములును వలదు. పూర్వము మనదేశమున ఆంగ్లసైన్యము వానకాలమున గుఱ్ఱపుసాలలలో దాచిన ఇత్తడి తూటాలు పగిలిపోయినవి. గుఱ్ఱపుమూత్రమునుండి వెడలు అమ్మోనియాయే యిందుకు కారణమని 1921లో శాస్త్రజ్ఞులు వివరించిరి.

పూత తీసిన నాదము పెరుగునని కొందరందురు. పూత మందము మిల్లీమీటరులో శతాంశములతో గణింపదగినది. దానివలన గలుగు భేదము స్వల్పము. రేకు పలుచనైనచో గలుగు చేటు గొప్పది.

వృత్తిలోనున్న యువకులారా! పని మొదలుపెట్టకమున్ను వాద్యముపై చెక్కిన యక్షరములను చదువుడు. తగనిచో వలదని చెప్పుడు. పని చేయించు పెద్దలారా! వలదన్న పనివాని మాటను త్రోసిపుచ్చకుడు. ఆ దినమున మేము విననిది ఆ మాటయే. పోయిన పేరును ఏ చక్రమును మరల దేజాలదు.