పొట్లము ఎవరిది?

పంచాయతీ సభ్యులారా,

గోలీసోడా అంగడిలో ఒక ఆచారము కలదు. సోడా త్రాగినవాడు సీసాను అచ్చటనే ఉంచి పోవలెను. సీసా సోడావాని సొత్తు. దానిని కడిగి మరల నింపుకొనుట వానికి లాభము. అందుచే ఆ సీసా చెత్తకుప్పకు చేరదు. షాంపూ పొట్లము సంగతి అట్లు కాదు. చించిన మరుక్షణమున దానికి యజమాని లేడు. అది కాలువలో పడును, పశువుల కడుపులోనికి పోవును. తీసివేయు ఖర్చు పంచాయతీ నిధులపై బడును. అమ్మకపు లాభము ఒకరిది, ఊడ్పు కూలి మరియొకరిది. ఇది న్యాయము కాదని మేము తలంచుచున్నాము.

ఈ అన్యాయమును సరిదిద్దుటకు జర్మనీ 1991లో ఒక శాసనము చేసినది. సరుకును పొట్లములలో, డబ్బాలలో నింపి అమ్మినవారే వానిని తిరిగి సేకరింపవలెనని విధించినది. పరిశ్రమలవారు కలసి ఒక సంస్థను ఏర్పరచి, దానికి బరువును బట్టి రుసుము చెల్లించిరి. బరువు హెచ్చినకొలది రుసుము హెచ్చును గనుక పొట్లములను తేలికపరచుటయు వారికే లాభమైనది.

మన దేశమున 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు గ్రామములకు గూడ వర్తించినవి. 2022 ఫిబ్రవరిలో ఉత్పత్తిదారుల బాధ్యతకు లెక్కలు ఏర్పడినవి. కంపెనీలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావలెను. సీసాలు, డబ్బాల వంటి గట్టి ప్లాస్టిక్కులో 2024-25లో నూటికి 50 వంతులు, 2027-28 నాటికి 80 వంతులు రీసైకిల్ చేయింపవలెను. పలుపొరల పొట్లములకు ఈ లెక్క 30 నుండి 60 వరకు. తప్పినవారు పర్యావరణ పరిహారము చెల్లింపవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కంపెనీ తన బాధ్యత తీరినదని చూపుటకు రీసైక్లింగు సంస్థ ఇచ్చు సర్టిఫికెట్టు చాలును. అది ఎన్ని టన్నులో చెప్పునే గాని, ఏ ఊరి కాలువనుండి తీసినదో చెప్పదు. పట్టణమున సులువుగా దొరకిన దానితో లెక్క సరిపోయినచో మన ఊరి పొట్లమునకై ఎవరును రారు. అదియు గాక, 2023లో తనిఖీ జరుపగా లక్షల సంఖ్యలో దొంగ సర్టిఫికెట్లు బయటపడినవి!

కనుక మనకు కావలసినది తూకము. షెడ్డులో పొడిచెత్తను వేరుచేయునపుడు సీసాలను, పలుచని కవర్లను, లోపల వెండిపూత మెరయు పొట్లములను వేర్వేరు మూటలు కట్టించి, తూచి, రిజిస్టరులో వ్రాయింపుడు. పాతసామాను వర్తకుడు సీసాలు కొనును, పొట్లములు ముట్టడు. వానిని బ్లాకు స్థాయి ప్లాస్టిక్ వ్యర్థముల కేంద్రమునకు పంపవలెను. స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశలో ఇట్టి కేంద్రమునకు బ్లాకు ఒక్కింటికి 16 లక్షల రూపాయల వరకు అవకాశము కల్పింపబడినది. అచటినుండి సరుకు నమోదైన సంస్థకే పోవునట్లు చూచి, తూకపు రసీదు పుచ్చుకొనుడు. నమోదైన వారికే చేర్చుట నియమములలో పంచాయతీకి విధించిన పనియే. ఒక్క ఊరి మూటలు కొద్ది. పది పంచాయతీలు కలసినచో లారీ నిండును. రసీదులు చేత బట్టుకొని కంపెనీల ప్రతినిధులతో సేకరణ ఖర్చు మాట్లాడుటకు అప్పుడు వీలగును.

కుప్పకు నిప్పు పెట్టుటను మాత్రము వెంటనే మాన్పింపుడు. నియమములు దానిని నిషేధించినవి. కాల్చిన పొట్లము తూకమునకు రాదు, పొగ మాత్రము మన ఊరికే మిగులును. రానున్న సమావేశపు అజెండాలో తూకపు యంత్రము కొనుగోలును చేర్చుడు.