ఫిరంగుల కోటలో విడిది

మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవి ఉంది. అక్కడ పాల్మా అఖాతం ఒడ్డున, జనసందడికి దూరంగా ఒక పాత కోట. పేరు కాప్ రొకాత్. సముద్రం మీంచి వచ్చే శత్రువును అడ్డుకోవడానికి 19వ శతాబ్దం చివర సైన్యం కట్టించింది. వాస్తుశిల్పి అంతోనియో ఒబ్రదోర్ దాన్ని బాగుచేయగా, 2010లో ఖరీదైన హోటలైంది.

నాకు నచ్చిందేమిటంటే, కోట రూపం చెరగలేదు. గోడలన్నీ మరేస్ అనే తేనెరంగు ఇసుకరాయి. పాల్మా పెద్ద చర్చిదీ ఆ జాతి రాయే. ఎండ వాలేవేళ గోడలు బెల్లంపాకం రంగుకు తిరుగుతాయి. ఒకప్పుడు కాపలా సైనికులు నీళ్లమీద కన్నేసి ఉంచిన కొండ అంచునే ఇప్పుడు అతిథులు పడుకుంటారు. మంచం మీంచి చూస్తే ఎదురుగా సముద్రమే. అద్దె సంగతంటారా, అది మాత్రం అడక్కండి!