మధ్యమమైన ఆటలు – విమర్శకుల తీర్పు

నేఁటి బాలురు తెరపై నాడుకొను వీడియో ఆటలకును విమర్శకులు గలరు. జపానుదేశపు ‘ఫామిత్సు’ పత్రికలో నలుగురు విమర్శకులు తలకు 10 మార్కులచొప్పున 40కి లెక్కగట్టుదురు. 2001లో అమెరికాలో వెలసిన ‘మెటాక్రిటిక్’ పలువురి తీర్పులను జోడించి నూటికిన్ని యని తేల్చును.

ఉత్తమమును మెచ్చుట సులభము. అధమమును త్రోయుట మఱింత సులభము. చిక్కంతయు మధ్యమముతోడనే. మన వజ్రకరూరు చేలలో తొలకరి కురియఁగానే జనులు వజ్రములకై వెదకుదురు గదా! దొరకిన రాతికి వట్టి ధర పలికినచో అనుమానము కలుగును. రంగును, మచ్చను, బీటను చూపి పలికినచో నమ్మకము కుదురును.

వట్టి అంకె యెవరి నోటికూడు తీయునో వినుఁడు. 2010లో వెలువడిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అను ఆటకు మెటాక్రిటిక్‌లో 85 వచ్చినచో, దానిని నిర్మించిన ‘అబ్సిడియన్’ సంస్థకు అదనపు సొమ్ము ముట్టవలసియుండెను. వచ్చినది 84. సొమ్ము రాలేదని ఆ సంస్థవారే 2012లో వెల్లడించిరి. మంచి యాటకే యీ గతి పట్టఁగా మధ్యమమైన ఆటను జేసినవారి మాట యేమి?

బాలునకు 35 మార్కులు వేసి, ఏ లెక్క యెచ్చటఁ దప్పెనో చెప్పని ఉపాధ్యాయుఁడు మార్కులిచ్చినవాఁడే గాని నేర్పినవాఁడు గాఁడు. విమర్శకుఁడును అంతియే. ఏది కుదిరెనో, ఏది చెడెనో, ఏల చెడెనో చెప్పవలెను. అప్పుడు కొనువానికి డబ్బు మిగులును. చేయువానికి దారి దొరకును.