పాలదాదికి ఇచ్చిన జీతం



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ అమ్మగారు ఏ బాలసదనానికి వెళ్లినా ముందు వంటగది చూసేవారు. తర్వాత రిజిస్టరు తెప్పించుకుని తల్లిదండ్రుల వివరాలు రాసే గడి మీద వేలు పెట్టేవారు. తల్లి ఉందని అందులో రాసి ఉంటే, ‘మరి బిడ్డ ఇక్కడెందుకుంది?’ అని అడిగేవారు. ఆ ప్రశ్నను ఈవేళ 18వ శతాబ్దపు లండన్‌లో పుట్టిన ఒక ఆశ్రమాన్ని అడిగి చూస్తాను.

ఆ ఆశ్రమాన్ని పెట్టించిన థామస్ కోరం ఓడల కెప్టెన్. అమెరికాలో ఓడలు కట్టించి, వయసు మళ్లాక లండన్‌లో స్థిరపడ్డాడు. నగరంలోకి వచ్చే దారి పక్కన పారేసిన పసికందులు కనిపించేవారు, కొందరు ప్రాణంతో, కొందరు ప్రాణం పోయి. అది చూడలేక పదిహేడేళ్లు దొరల గుమ్మాలూ దొరసానుల గుమ్మాలూ ఎక్కి దిగాడు. 1739లో రెండో జార్జి రాజు ఆశ్రమానికి సనదు ఇచ్చాడు. 1741 మార్చి 25 రాత్రి ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే ఆ ఆశ్రమం తలుపు తెరిస్తే ముప్పైమంది బిడ్డలు వచ్చారు, చోటు నిండిపోయింది. చిత్రకారుడు హోగార్త్ దాని ధర్మకర్తల్లో ఒకడు. సంగీతకర్త హ్యాండెల్ తన ‘మెసయ్య’ను అక్కడ ఏటేటా వినిపించి నిధులు పోగుచేసి పెట్టాడు. ఇంత చేసిన కోరంను మాత్రం కొద్దికాలానికే పాలకవర్గం నుంచి తప్పించారు. మన ట్రస్టుల సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు.

వచ్చే బిడ్డలు ఎక్కువ, ఉన్న చోటు తక్కువ. అందుకని 1742లో లాటరీ లాంటిది పెట్టారు. తల్లి సంచిలో చెయ్యి పెట్టి ఒక బంతి తీయాలి. తెల్లది వస్తే బిడ్డను పరీక్షించి, రోగం లేకపోతే తీసుకుంటారు. ఎర్రది వస్తే ఆగాలి. తెల్లబంతి బిడ్డల్లో ఎవరికైనా రోగముందని తేలితే ఆ చోటు దక్కుతుంది. నల్లది వస్తే బిడ్డను ఎత్తుకుని మళ్లీ వీధిలోకే. ఈ తంతు చూడటానికి గొప్పింటి ఆడవాళ్లు ముస్తాబై వచ్చేవారు.

తీసుకున్న బిడ్డకు అక్కడే కొత్త పేరు పెట్టేవారు. తల్లి పేరు అడిగేవారు కాదు. ఎప్పటికైనా వచ్చి అడిగితే గుర్తుపట్టడానికి బిడ్డ గుడ్డలోంచి ఒక పీలిక కత్తిరించి చీటీకి గుచ్చేవారు. అలాంటి పీలికలు సుమారు 5,000 ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1741, 1760ల మధ్య చేరిన 16,282 మంది పసివాళ్లలో తిరిగి తల్లుల ఒడికి చేరినవాళ్లు 152 మంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇది కాదు. చేరిన బిడ్డను మొదట్లో ఆశ్రమంలో ఉంచేవారు కాదు. పల్లెటూళ్లలో పాలదాదులకు అప్పగించి, సుమారు ఐదేళ్లు వచ్చేదాకా వాళ్లకు జీతం ఇచ్చేవారు. అంటే బిడ్డ ఒక ఇంట్లో, ఒక తల్లి దగ్గర పెరగాలని ధర్మకర్తలకు తెలుసు. అందుకు డబ్బు ఖర్చవుతుందనీ తెలుసు. ఆ డబ్బు కన్నతల్లికి ఇవ్వొచ్చన్న ఆలోచన మాత్రం ఆ వ్యవస్థలో ఇమడలేదు. బిడ్డ మీద జాలి ఉంది, తల్లి మీద అనుమానం ఉంది.

1756లో పార్లమెంటు నిధులిచ్చి, తెచ్చిన బిడ్డనల్లా తీసుకోమంది. నాలుగేళ్లలో దాదాపు 15,000 మంది వచ్చిపడ్డారు. డబ్బు పుచ్చుకుని దూరపు జిల్లాల నుంచి పసికందులను మోసుకొచ్చేవాళ్లు తయారయ్యారు. దారిలోనే పోయినవాళ్లున్నారు. చేరినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది బతకలేదు. 1760లో పార్లమెంటు చేతులు దులుపుకుంది.

ఆ తర్వాత తల్లికి మాట్లాడే వంతు వచ్చింది, అదీ కమిటీ ముందు నిలబడి తన నడవడి మంచిదని, ఇది తన తొలి బిడ్డేనని, బిడ్డ తండ్రి తనను వదిలేశాడని నమ్మించడానికి.

కన్నతల్లికే డబ్బు ఇవ్వాలన్న ఆలోచన తర్వాత అమెరికాలో కనిపిస్తుంది. పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను ఇంటి నుంచి విడదీయకూడదని గట్టిగా చెప్పింది 1909లో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ పిలిచిన సమావేశం. 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం తల్లులకు పింఛను చట్టం చేసింది. అయినా అక్కడ అందింది చాలావరకు తెల్లజాతి వితంతువులకే. కోరం గుమ్మంలో నిలబడ్డ పెళ్లికాని తల్లి అక్కడికి వెళ్లినా నల్లబంతే తీసేది.

మన 2015 బాలన్యాయ చట్టం ఆశ్రమాన్ని చివరి మార్గంగానే చూడమంటోంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డను ఇంట్లోనే ఉంచి పోషించడానికి నెలకు 4,000 రూపాయలు ఇవ్వొచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. వితంతువులకే కాదు, భర్త వదిలేసిన తల్లుల బిడ్డలకూ ఇందులో చోటుంది. ఇది లండన్ ధర్మకర్తలకు తట్టని మేలు, కాదనను.

నా గొడవ కాగితాల దగ్గర. భర్త పోయిన తల్లి మరణ ధ్రువపత్రం తెస్తుంది. వదిలేసి పోయినవాడి గురించి ఏ ఆఫీసు ధ్రువపత్రం ఇస్తుంది? ఆ ఇంటి సంగతి రోజూ చూసే అంగన్‌వాడీ టీచరు రాసిచ్చిన మాటను ఆధారంగా తీసుకోవాలని, ఆ ఒక్క కాగితం కోసం ఏ తల్లినీ కమిటీ ముందు నిలబెట్టి తన కాపురం కథ చెప్పించకూడదని ఈ వేదిక మీదున్న అధికారులను కోరుతున్నాను.