పెండ్లి లేని కాపురము – ఇంటి హక్కు



సాంస్కృతిక సభలో చట్టము మాటలేలయని మీకు తోచవచ్చును. నాటకమునకు వేళయగుచున్నదనియు నెరుగుదును. కావున కుదించి చెప్పెదను.

మొన్న సెక్టరు 2 లో ఒక చెల్లెలు నన్నాపి, “అన్నగారూ, ఆయన వచ్చే యేడు రిటైరవుతారు. మాకు పెండ్లి కాలేదు. తొమ్మిదేండ్లుగా ఆ క్వార్టరులో వండి వార్చుచున్నాను. రేపు నేనెక్కడికి పోవాలి?” అని యడిగినది.

ఇట్టి కాపురములు కొత్త విడ్డూరములు కావు. మనలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు వారమే. మారుమనువు నెరుగని పల్లె అచ్చట నున్నదా? శుభలేఖ లేకున్నను ఊరు వారిని ఆలుమగలనియే పిలిచినది. 1955 నాటి హిందూ వివాహచట్టము కూడ ఆచారమును మన్నించినది. ఏబది యేండ్లు కలసి బ్రదికిన జంట విషయమున, వారు దంపతులేయని యెంచవలెననియు, కాదనువారే రుజువు చేయవలెననియు 1978 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఏ ఆచారమును లేక, ఇష్టపడి కలసియుండువారి మాట వేరు. యుక్తవయస్కులిరువురు అట్లుండుట నేరము కాదని 2010 లో అదే న్యాయస్థానము పలికినది. 2005 నాటి గృహహింస చట్టము “వివాహము వంటి సంబంధము”న నున్న స్త్రీకిని రక్షణ నిచ్చినది. ఇల్లు అతని పేరనే యున్నను, హింసించి మెడబట్టి గెంటుటకు వీలులేదు. ఆమెను అచ్చటనే యుండనిమ్మనియో, వేరొక ఇల్లు చూపుమనియో, అద్దె యిమ్మనియో మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును. అయితే లోకమెదుట ఆలుమగలుగా మెలగియుండవలెను, పెండ్లికి అడ్డుండరాదు, తగినంతకాలము కలసియుండవలెనని 2010 నాటి వేలుసామి తీర్పు. వారాంతమున వచ్చిపోవు స్నేహము చాలదు. అతనికి వేరొక భార్య యున్నచో ఈ రక్షణ దొరకుట కష్టము. దీనిని దాచిపెట్టి ఆడపిల్లలను మోసగించువారున్నారు గనుక గట్టిగా చెప్పుచున్నాను.

ఇక క్వార్టరు. చిక్కంతయు నిచ్చటనే. అది ఉద్యోగముతో వచ్చినది, ఉద్యోగముతో పోవునది. అతడు గెంటకుండ చట్టము ఆపగలదు. కాని అలాట్‌మెంటు తీరిన పిమ్మట ఇంటి యజమానియైన సంస్థ యెదుట ఆమెకు అతనికంటె మించిన హక్కు లేదు. ప్రభుత్వరంగ సంస్థల ఇండ్లను ఖాళీ చేయించుటకు 1971 నాటి చట్టమున్నది. పెండ్లియాడిన భార్యయైనను ఆ ఇంటిని తనదనలేదు. అతడు గతించినచో మరియొక కష్టము: 1956 నాటి హిందూ వారసత్వచట్టమున పెండ్లిలేని సహచరికి చోటు లేదు. గ్రాట్యుటీకి సైతము, అతనికి కుటుంబమున్నచో పరాయివారి పేర వ్రాసిన నామినేషను చెల్లదు.

కావున ఆ చెల్లెలితో ఇట్లంటిని: “రిటైరగుటకు ముందే అద్దెయిల్లు చూచుకొని, కరారునామా ఇద్దరి పేర వ్రాయించుకొమ్ము. అతని స్వార్జితమునకు ఇద్దరు సాక్షులతో వీలునామా వ్రాయుమనుము. పెండ్లికి అడ్డులేదు గదా, 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము క్రింద నోటీసిచ్చి, ముప్పదినాళ్ల పిమ్మట ముగ్గురు సాక్షులతో సంతకము చేసినను చాలును.”

మనలో ఇండ్లు అద్దెకిచ్చువారు కొందరీ సభలో నున్నారు. ఇట్టి జంటకు ఇల్లిచ్చుట నేరము కాదు. శుభలేఖ అడిగి గడపనుండి పంపివేయకుడు.

“ఈ వయస్సులో పెండ్లియా?” అని ఆమె నవ్వినది. మరునాడు అతడే వచ్చి, నోటీసు ఏ కచేరీలో ఇవ్వవలెనని నన్నడిగినాడు.