గుండె చెప్పు మాట



ఈ సాయంకాలము గుండెను గూర్చియు, అది జబ్బుపడినపుడు చూపు గుర్తులను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇల్లందు ప్రాంతమున వైద్యము చేయుచున్నవాడను గావున, ఈ ప్రాంతపు వాడుకలో నున్న ఉదాహరణములతోనే చెప్పెదను. ఈ ప్రసంగము రోగులకంటె ముఖ్యముగా ఇంటిపెద్దలకు ఉద్దేశించినది. ఏలయన, పల్లెలో నొకనికి అర్ధరాత్రమున ఎదలో నొప్పి లేచినచో, వెంటనే ఆసుపత్రికి పోవలెనా, తెల్లవారువరకు ఆగవలెనా యని తేల్చువారు మీరే. మీ నోట వచ్చు ఆ యొక్క మాటమీద ఒక ప్రాణము ఆధారపడియుండును.

1871వ సంవత్సరమున విలియమ్ కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ప్రారంభమయ్యెను. తరతరములుగా బొగ్గుబావిలోనికి దిగిన కుటుంబములు మన చుట్టుప్రక్కల నెన్నియో కలవు. బావిలో ఊరెడి నీటిని పంపు ఎడతెగక తోడివేయుచుండవలెను. అది ఆగినచో బావి మునుగును. మన దేహములో గుండెయు నట్టి పంపే. అది మన పిడికిలియంత యుండును. పెద్దవారిలో రమారమి 300 గ్రాములు తూగును. నిమిషమునకు డెబ్బదిసార్లకు పైచిలుకు, దినమునకు లక్షసార్లు కొట్టుకొనుచు, నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును దేహమంతటికిని పంపుచుండును. లోపల నాలుగు గదులును, రక్తము వెనుకకు మరలకుండ నాలుగు కవాటములును కలవు.

ఇందొక విశేషము కలదు. గుండె తన గదులనిండ రక్తముంచుకొనియు, ఆ రక్తమును తానై పీల్చుకొనజాలదు. దాని కండకు ఆహారము నందించుటకు పైభాగమున ప్రత్యేకముగా సన్నని ధమనులు కలవు. కండరము పని చేయుటకు శక్తి నిచ్చు ఎ.టి.పి. యను పదార్థమును 1929లో వెల్లడించినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. ఆ పదార్థము క్షణక్షణమును తయారగుచుండవలెను. దానికి ప్రాణవాయువు కావలెను. ప్రాణవాయువును తెచ్చునది రక్తము. కావున ఆ సన్నని ధమనులలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైనచో గుండెకు కష్టము కలుగును.

ఆ కష్టము మొట్టమొదట శ్రమవేళ బయటపడును. చేనిగట్టు ఎక్కునపుడో, తునికాకు మూట మోయునపుడో, భోజనానంతరము వడిగా నడచునపుడో ఎదనడుమ బరువు పెట్టినట్లు, అదిమిపట్టినట్లు ఉండును. కొన్ని నిమిషములు నిలిచినచో తగ్గిపోవును. ఇంగ్లండు వైద్యుడు హెబర్డన్ 1768లోనే ఈ నొప్పిని విపులముగా వర్ణించెను. నిలిచిన తగ్గినది గదాయని దీనిని మరచిపోరాదు. ఇది తొలి హెచ్చరిక. ఆ వారములోనే వైద్యునికి చూపవలెను. ఈ నొప్పి మునుపటికంటె తఱచుగా వచ్చుచున్నను, కూర్చుండినపుడు సైతము వచ్చుచున్నను ఆనాడే చూపవలెను.

ఇక దారి ఇరుకగుట గాక, రక్తము గడ్డకట్టి పూర్తిగా మూసికొనిపోయినదనుకొనుడు. అదియే గుండెపోటు. అపుడు నొప్పి విశ్రాంతిచే తగ్గదు; పావుగంట గడచినను నిలిచియుండును. ఎడమచేతికో, రెండు చేతులకో, దవడకో, వీపునకో ప్రాకును. చల్లని చెమట పట్టును, ఓకిలింత వచ్చును, ఊపిరాడదు, ఏదో కీడు మూడినదను భయము కలుగును. మధుమేహము గలవారికిని, వృద్ధులకును, స్త్రీలకును ఒక్కొక్కప్పుడు నొప్పి యుండకయే ఆయాసము, చెమట, నీరసము మాత్రమే కనబడును. స్త్రీల విషయమున ఇంటివారు మరింత మేలుకొనియుండవలెను. పనిచేసి అలసినదని ఊరకుండుట తగదు.

మన పల్లెలలో జరుగు పెద్ద పొరపాటేమనగా, ఈ నొప్పిని "గ్యాసు" అనుట. వాము నమలుట, సోడా త్రాగుట, ఛాతికి నూనె రాచుట, ఇట్లు రెండు మూడు గంటలు గడచును. గుండెకండ యొకసారి చచ్చినచో మరల మొలవదు. గడ్డను కరిగించు సూదిమందు గలదు; ధమనిలోనికి సన్నని గొట్టమును పోనిచ్చి దారి తెరచు చికిత్సయు గలదు. అయినను ఇవి మొదటి గంటలలో చేయు మేలు, పిదప చేయజాలవు. పండ్రెండు గంటలు దాటినచో సూదిమందువలన ప్రయోజనము చాల తక్కువ.

కనుక చేయవలసినదేమి? రోగిని నడిపింపరాదు, కూర్చుండబెట్టవలెను. 2005లో తెలుగునాట ఆరంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. ఇ.సి.జి. తీయు సౌకర్యము గల దగ్గరి ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడినుండి కొత్తగూడెమునకు పంపవలెనా, ఖమ్మమునకు పంపవలెనా యని వైద్యులు నిర్ణయింతురు. పొరుగువాని గుండెమాత్రను తెచ్చి మ్రింగింపరాదు. రక్తపుపోటు పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. ఆస్పిరిన్ నమలుమని వైద్యుడు చెప్పినచో చెప్పినంతయే ఈయవలెను. మనిషి కూలిపోయి, పిలిచిన పలుకక, ఊపిరి తీయకున్నచో, వెల్లకిల పరుండబెట్టి, ఎదనడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి మోపి, రెండంగుళముల లోతునకు దిగునట్లు, నిమిషమునకు నూరు మొదలు నూటయిరువదిసార్లు, సహాయము వచ్చువరకు అదుముచుండవలెను. ఖర్చునకు వెరచి ఆగువారికి ఒక మాట: 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో గుండెచికిత్సలు చేర్చబడియున్నవి.

ఎదలోని ప్రతి నొప్పియు గుండెది కాదు. ఒక్క వ్రేలితో చూపగల పోటు, అదిమినను దగ్గినను హెచ్చు నొప్పి, తఱచుగా కండరములదో ప్రక్కటెముకలదో యగును. గుండెదడయు భయమువలన, ఎక్కువ టీవలన, రక్తహీనతవలన రావచ్చును. మన అడవిపల్లెల స్త్రీలలో రక్తహీనత మెండు. అయితే దడతోపాటు కన్నులు తిరిగినను, తెలివి తప్పినను ఉపేక్షింపరాదు. ఏది యేదియో తేల్చుట వైద్యుని పని. అతనియొద్దకు చేర్చుట మన పని.

మరియొక జబ్బు మెల్లగా వచ్చును. సాయంకాలమునకు పాదములు వాచును. వ్రేలితో నొక్కిన గుంట పడును. వెల్లకిల పరుండిన ఊపిరాడదు. రెండు మూడు తలగడలు కావలసివచ్చును. నడిరేయి ఆయాసముతో లేచి కూర్చుండవలసివచ్చును. ఇది పంపు బలహీనమైనదనుటకు గుర్తు. బావిలో చిరకాలము పనిచేసినవారికి బొగ్గుధూళివలన ఊపిరితిత్తులు చెడి ఆయాసము కలుగవచ్చును. ఆ భారమే కుడివైపు గుండెను అలయజేయును. కావున "బావి ఆయాసమేలే" యని సరిపెట్టుకొనక, గుండెను గూడ పరీక్ష చేయించుకొనుడు.

పిల్లల మాట మరువరాదు. ఐదు మొదలు పదునైదేండ్ల ప్రాయమున గొంతునొప్పియు జ్వరమును వచ్చి, రెండు మూడు వారములపిమ్మట మోకాళ్లు, మణికట్లు ఒకదాని తరువాత నొకటి వాచినచో, అది కీళ్లవాతజ్వరము కావచ్చును. కీళ్లు బాగుపడును గాని, గుండె కవాటములు చెడిపోవచ్చును. ఆ బిడ్డ పెండ్లియై గర్భవతియైనపుడు ఆయాసము బయటపడును. పెనిసిలిన్ సూదిమందును మూడు నాలుగు వారముల కొకసారి, వైద్యుడు చెప్పినన్ని యేండ్లు తప్పక వేయించినచో ఈ కీడు చాలవరకు తప్పును. వాపు తగ్గినదని మానుటయే ముప్పు.

రాకుండ చూచుకొనుట మేలు. ముప్పదియేండ్లు దాటినవారెల్లరు ఏటేట రక్తపుపోటును, చక్కెరను చూపించుకొనవలెను. రక్తపుపోటు 140/90కి చేరి అచ్చటనే నిలుచుచున్నచో చికిత్స కావలెను. బాధ లేదని మందు మానరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచాడు, మించరాదు. పచ్చడిలోనిది, ఎండుచేపలోనిది గూడ ఈ లెక్కలోనిదే. తునికాకు ఏరుట మనకు కూడుపెట్టు పనియే గాని, ఆ యాకులో పొగాకు చుట్టి కాల్చుట గుండెకు చేటు. బీడీయో చుట్టయో ఎన్నడు మానినను మేలే. మానిన యొక యేటికే ముప్పు చాల తగ్గును.

ఇక ముగించెదను. బావిలో పైకప్పు కూలుటకు ముందు ఆనియున్న దిమ్మెలు కిఱ్ఱుమనును. అనుభవజ్ఞుడైన కార్మికుడు ఆ చప్పుడు వినిన వెంటనే పనిముట్టు వదలి, తోటివారిని కేకవేసి వెలుపలికి వచ్చును. తెల్లవారనీ, చూతమని యెవ్వడును అనడు. గుండెయు నట్లే ముందుగా చప్పుడు చేయును. ఆ చప్పుడు వినుట రోగివంతు, కేకవేయుట పెద్దలవంతు. ఆసుపత్రికి పోయి, అది వట్టి అజీర్ణమని తేలినచో ఒక రాత్రి నిద్ర మాత్రమే పోవును. పోకుండ ఆగి, అది గుండెపోటని తేలినచో పోయినది తిరిగి రాదు. ఈ రెంటిని తూచి, మీ యింటిలో "లెండు, పోదము" అను మాట ముందుగా మీ నోటనే వచ్చుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.